యాసిడ్ తినని చోటు: ఓట్టో డిక్స్ చేసిన ఒక చిన్న ప్రింటు గురించి

మొన్న మా పిన్ని కూతురికి ఒక బొమ్మ లింకు పంపించాను, న్యూయార్క్‌లో ఉన్న మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ వాళ్ళ సైట్‌లోది. ఐదుగురు సైనికులు గ్యాస్ మాస్కులు వేసుకుని ముళ్ళకంచె దాటుకుంటూ మన మీదకి వచ్చేస్తుంటారు, మాస్కులు పాలిపోయిన తెలుపు, కళ్ళ దగ్గర గుండ్రటి నల్లటి గుంటలు, వెనకాలంతా మసి పట్టిన గోడలా ఆకాశం. రెండు నిమిషాల్లో రిప్లై వచ్చింది. "అక్కా, భయంగా ఉంది. కానీ కింద ప్రింట్ అని రాశారేంటి, ప్రింట్ అంటే జిరాక్స్ కదా, మరి ఒరిజినల్ ఎక్కడుంది?" కాసేపటికి ఇంకో మెసేజ్, "అయినా వీళ్ళు మనవైపే వస్తున్నారేంటి, మనమెవరం?"

రెండూ మంచి ప్రశ్నలే, ఫోన్‌లో టైప్ చేసి చెప్పేంత చిన్నవి కావు. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నా.

ముందు బొమ్మ సంగతి. దీన్ని చేసినతను ఓట్టో డిక్స్, జర్మన్ ఆర్టిస్టు. 1891లో గేరా అనే ఊరి దగ్గర పుట్టాడు, నాన్న ఇనుప ఫౌండ్రీలో కార్మికుడు. 1924లో "డెర్ క్రీగ్" అని, అంటే "యుద్ధం" అని, తను సైనికుడిగా చూసిన మొదటి ప్రపంచయుద్ధం మీద 50 ప్రింట్ల సెట్ ఒకటి బయటికి తెచ్చాడు, పది పది చొప్పున ఐదు పోర్ట్‌ఫోలియోలు. అందులో పన్నెండోది ఇది. జర్మన్‌లో పేరు "ష్టుర్మ్‌ట్రుప్పె గేట్ ఉంటర్ గాస్ ఫోర్", అంటే "గ్యాస్ కింద ముందుకి దూకుతున్న దాడి దళం". బొమ్మ కొలత సుమారు 19 సెంటీమీటర్ల ఎత్తు, 29 సెంటీమీటర్ల వెడల్పు. మనం రోజూ వాడే ఏ4 కాగితం అడ్డంగా పెడితే దానికన్నా కాస్త చిన్నది. స్క్రీన్ మీద చూస్తే గోడంత బొమ్మ అనిపిస్తుంది, నేను కూడా చాలా రోజులు అలాగే అనుకున్నా.

మ్యూజియం లేబుల్‌లో రెండు కొలతలు ఇస్తారు, అక్కడే చాలామంది తికమకపడతారు. ఒకటి ప్లేటు కొలత, ఇందాక చెప్పిన 19 × 29. రెండోది కాగితం కొలత, ఇది సుమారు 35 × 47. ప్లేటు అంటే రాగి రేకు. ఆ రేకుని తడి కాగితం కింద పెట్టి ప్రెస్‌లో గట్టిగా నొక్కితే బొమ్మతో పాటు రేకు అంచు కూడా కాగితంలోకి దిగి చుట్టూ ఒక గాడి పడుతుంది, వేలితో తడిమితే తెలుస్తుంది, దాన్నే ప్లేట్ మార్క్ అంటారు. ఆఫ్‌సెట్‌లో, అంటే పుస్తకాలు, పేపర్లు అచ్చేసే మామూలు మెషీన్ మీద అచ్చేసిన పోస్టర్‌కి ఆ గాడి ఉండదు, తేలిగ్గా తేడా పట్టుకోవాలంటే ముందు చూడాల్సింది అదే.

ఇక టెక్నిక్ దగ్గర "ఎచింగ్, ఆక్వాటింట్, డ్రైపాయింట్" అని మూడు మాటలు ఉంటాయి. ఇవి మూడు వేరువేరు పనులు, ఒకే రేకు మీద చేసినవి.

ఎచింగ్ తేలిక, అర్థం చేసుకోవడానికి. రాగి రేకుని నున్నగా పాలిష్ చేసి దాని మీద మైనం లాంటి పూత పూస్తారు. సూదితో ఆ పూత మీద గీస్తే పూత లేచిపోయి కింద రాగి బయటపడుతుంది. రేకుని యాసిడ్‌లో ముంచితే పూత ఉన్నచోట ఏమీ కాదు, గీసినచోట మాత్రం యాసిడ్ రాగిని తినేస్తుంది, గాడి పడుతుంది. తర్వాత పూత కడిగేసి, ఇంకు పట్టించి, పైపైన ఉన్న ఇంకంతా గంజి పెట్టిన పల్చటి వల గుడ్డతో తుడిచేస్తే గాడుల్లో ఉన్నది మాత్రం మిగులుతుంది. తడి కాగితం వేసి ప్రెస్‌లో తిప్పితే ఆ కాగితం మెత్తగా గాడుల్లోకి దిగి ఇంకుని పైకి లాక్కుంటుంది. అంతే.

డ్రైపాయింట్ ఇంకా తేలిక, యాసిడ్ లేదు, పూత లేదు, గట్టి మొన ఉన్న పనిముట్టుతో నేరుగా రాగి మీద గీకడమే. అలా గీకినప్పుడు నాగలి చాలుకి పక్కన మట్టి లేచినట్టు గీత పక్కన రాగి కొంచెం లేస్తుంది, అది కూడా ఇంకు పట్టుకుంటుంది, అందుకే డ్రైపాయింట్ గీత అంచు మెత్తగా, కాస్త అలికినట్టు వస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ రెండింటితోనూ వచ్చేవి గీతలే. మరి ఆకాశం మొత్తం బూడిద రంగులో ఉండాలంటే? గీత పక్కన గీత, దాని మీద అడ్డగీత, ఇలా వేల గీతలు గీసుకుంటూ పోవాలి, పాతకాలపు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ కాలంలో అలాగే చేశారు. మరి తుడిచిపెట్టినట్టు, పొగ కమ్మినట్టు ఒకే నీడ కావాలంటే గీతలతో రాదు. నున్నటి రాగి మీద ఇంకు నిలవదు, తుడిస్తే పోతుంది. పోనీ పెద్ద జాగా మొత్తాన్ని యాసిడ్‌కి వదిలేస్తే? అది ఒక పళ్ళెంలా లోతుగా తినేస్తుంది, ఆ పళ్ళెం మధ్యలో కూడా ఇంకు నిలవదు, తుడిచేటప్పుడు వచ్చేస్తుంది. ఇంకు నిలవాలంటే గరుకు కావాలి. ఆ గరుకు కంటికి కనబడనంత సన్నగా, సమంగా ఉండాలి.

దానికి దొరికిన ఉపాయమే ఆక్వాటింట్.

రోజిన్ అని ఒకటుంది, పైన్ చెట్టు నుంచి కారే జిగురుని కాచి ఎండబెడితే వచ్చే గట్టి ముద్ద, చూడటానికి మన గుగ్గిలం ముక్కలా ఉంటుంది. దాన్ని మెత్తగా ముగ్గుపిండికన్నా సన్నగా నూరతారు. ఒక పెద్ద చెక్క పెట్టె ఉంటుంది, అడుగున ఈ పొడి. పెట్టెలో దుమ్ము లేచేలా బాగా కదిపి, బరువు రేణువులు కిందపడేదాకా కాసేపు ఆగి, అప్పుడు రాగి రేకుని లోపలికి తోసి తలుపు మూసేస్తారు. లోపల గాల్లో తేలుతున్న సన్న దుమ్ము నెమ్మదిగా, ఏ చప్పుడూ లేకుండా రేకు మీద వాలుతుంది. కొన్ని నిమిషాల తర్వాత ఊపిరి బిగబట్టి బయటికి తీయాలి, తుమ్మితే మళ్ళీ మొదటికి. తీశాక కింద నుంచి వేడి చేస్తే తెల్లగా ఉన్న పొడి ఒక్కసారిగా పారదర్శకంగా మారిపోతుంది, ప్రతి రేణువూ కరిగి పాకం బొట్టులా రాగికి అతుక్కుంటుంది. ఆ మార్పు చూడటం నాకు ఇప్పటికీ ఇష్టం, పొగమంచు తొలిగినట్టు రేకు మీద ఒక అంచు నుంచి ఇంకో అంచుకి పాకుతూ వెళ్తుంది.

ఇప్పుడు యాసిడ్‌లో వేస్తే రేణువు ఉన్నచోట రాగి క్షేమం, రేణువుకీ రేణువుకీ మధ్య సందుల్లో మాత్రం యాసిడ్ దిగుతుంది. అంటే రేకు మీద వేలకొద్దీ చిన్న చిన్న దీవులు, వాటి చుట్టూ సన్నటి కాలవలు. ఆ కాలవల్లో ఇంకు నిలుస్తుంది, అచ్చువేస్తే దూరానికి నీళ్ళ రంగు పూసినట్టు ఒకే నీడ. పేరులో ఆక్వా, నీళ్ళు, అక్కడి నుంచే వచ్చింది, బొమ్మలో నిజంగా నీళ్ళ రంగేమీ లేదు, చూపుకి అలా ఉంటుందని.

నీడ ఎంత ముదురుగా రావాలనేది టైమ్ బట్టి. కొద్దిసేపు ఉంచితే లోతు తక్కువ, లేత బూడిద. ఎక్కువసేపు ఉంచితే లోతైన నలుపు. కాబట్టి ఆర్టిస్టు ఏం చేస్తాడంటే, అసలు తెల్లగా ఉండాల్సిన చోట ముందే బ్రష్‌తో వార్నిష్ పూసేస్తాడు, ఇక అక్కడికి యాసిడ్ రాదు. రేకు ముంచుతాడు, తీస్తాడు, కడుగుతాడు, ఆరబెడతాడు. లేత బూడిద చాలు అనుకున్నచోట వార్నిష్ పూస్తాడు. మళ్ళీ ముంచుతాడు. ఇలా తెలుపు నుంచి నలుపుకి మెట్లు దిగుతూ వెళ్ళాలి, చివరి దాకా వార్నిష్ పూయని చోటే అన్నిటికన్నా నలుపు. పేపర్ మీద బొమ్మ వేసేటప్పుడు మనం నీడ వేస్తాం కదా, ఇక్కడ దానికి పూర్తిగా ఉల్టా, చేత్తో పూసేది వెలుగు, నీడ వేసేది యాసిడ్. పైగా కుడిది ఎడమకి, ఎడమది కుడికి తిరగబడి వస్తుంది, అది కూడా గుర్తుపెట్టుకుని గీయాలి. పొరపాటైతే వెనక్కి రావడం ఉంది కానీ రాగిని గీకి, రుద్ది, మళ్ళీ నున్నగా చేసుకోవాలి, రోజులు పడుతుంది.

నేను చదువుకునేటప్పుడు ఒక ఆక్వాటింట్ చేశాను, బాగా నలుపు రావాలని యాసిడ్‌లో చాలాసేపు వదిలేశాను, అచ్చు తీస్తే నలుపు రాకపోగా వెలిసిపోయిన బూడిద వచ్చింది. అప్పుడు చాలా బాధపడ్డాను, ఎందుకో అర్థం కాలేదు. తర్వాత మా సారు భూతద్దం ఇచ్చి చూడమన్నారు, యాసిడ్ పక్కల నుంచి కూడా తినుకుంటూ పోయి ఆ చిన్న చిన్న దీవుల్ని మింగేసింది, గరుకు పోయింది, ఇంకు నిలవడానికి చోటు లేదు. ఆ రోజు చూసింది గుర్తుంది కాబట్టే డిక్స్ బొమ్మల్లో ఆకాశం, మట్టి చూస్తే అతను ఏం చేస్తున్నాడో నాకు తెలుస్తుంది. అతను యాసిడ్‌ని కావాలనే అదుపు తప్పనిచ్చాడు. మచ్చలు మచ్చలుగా, పొక్కిపోయినట్టు, కుళ్ళినట్టు కనిపించే జాగాలు ఈ 50 బొమ్మల్లో చాలా ఉన్నాయి, పేలిపోయిన నేలని, పాడైపోయిన శరీరాన్ని గీత గీసి చూపించకుండా లోహాన్నే అలా పాడైపోనిచ్చాడు.

ఇతనికి ముందు ఆక్వాటింట్ ఉంది, చాలా ఉంది. 1760లలో ఫ్రాన్స్‌లో ఝాఁ బాతీస్త్ ల ప్రెన్స్ దీన్ని ఒక పద్ధతిగా నిలబెట్టాడు, తర్వాత ఇంగ్లండ్‌లో పాల్ శాండ్‌బీ చేతిలో ఆ పేరు స్థిరపడింది. ఇంగ్లీషువాళ్ళు ఎక్కువగా ప్రకృతి దృశ్యాలకి వాడారు, మన దేశం వచ్చి తిరిగి వెళ్ళిన థామస్ డేనియల్, విలియం డేనియల్ 1795 నుంచి 1808 దాకా 144 ఆక్వాటింట్లు అచ్చేశారు, గుళ్ళు, కోటలు, నదులు, అన్నీ సాయంత్రపు ఎండలో ఉన్నట్టు ప్రశాంతంగా. స్పెయిన్‌లో గోయా అనే చిత్రకారుడు ఒక్కడు దీన్ని చీకటికి వాడాడు. 1799లో 80 బొమ్మల సెట్ ఒకటి, ఆ తర్వాత నెపోలియన్ సైన్యం స్పెయిన్ మీద పడినప్పుడు చూసిన దారుణాల మీద ఇంకో సెట్, ఆ రెండోది అతను పోయాక చాలా ఏళ్ళకి, 1863లో గానీ బయటికి రాలేదు. డిక్స్ ముందు గోయా ఉన్నాడు, ఆ సంగతి బొమ్మలు పక్కపక్కన పెడితే చెప్పకుండానే తెలుస్తుంది.

మన దగ్గర ఈ పని చూడాలంటే లక్ష్మాగౌడ్ గారి పాత ఎచింగులు చూడండి. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి బరోడాలో ప్రింట్‌మేకింగ్ నేర్చుకున్నారు, 1970లలో ఆయన చేసిన వాటిలో పల్లె మనుషులు, మేకలు, చెట్లు ఎచింగ్ గీతతో, ఆక్వాటింట్ నీడతో ఉంటాయి. ఆయన నీడల్లో వేడి ఉంటుంది, ఎండకి కాగిన గోడకి చేరగిలపడ్డట్టు. అదే పొడి, అదే యాసిడ్, డిక్స్ చేతిలో ఎలా మారిపోయిందో అప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది.

డిక్స్‌కి ఇదేమీ చిన్నప్పటి నుంచి వచ్చిన విద్య కాదు. 1922లో డ్యూసెల్‌డార్ఫ్ వెళ్ళాక అక్కడి అకాడెమీలో విల్‌హెల్మ్ హెర్బర్‌హోల్ట్స్ దగ్గర ఎచింగ్, ఆక్వాటింట్ లోతుగా నేర్చుకున్నాడు. అప్పటికి అతనికి ముప్పై దాటింది, యుద్ధం అయిపోయి నాలుగేళ్ళు. యాసిడ్ పోయడం, కడగడం, మళ్ళీ ఆక్వాటింట్ వేయడం, ఇవన్నీ చేస్తుంటే మనిషి రసవాది అయిపోతాడు అన్న అర్థంలో తర్వాత ఒకసారి చెప్పాడు. పాదరసం, గంధకం కలిపి బంగారం చేయాలని చూసిన వేమన కథలు విన్నవాళ్ళం, మనకి ఆ మాట వెంటనే అందుతుంది.

యుద్ధంలో అతను ఏం చేశాడన్నది బొమ్మకి చాలా ముఖ్యం. 1914లో తనంతట తానే చేరాడు, ఎవరూ లాక్కెళ్ళలేదు. ముందు ఆర్టిలరీ, 1915 శరదృతువు నుంచి పశ్చిమ ఫ్రంట్‌లో మెషీన్‌గన్ దళం. ఫ్రాన్స్‌లో షాంపేన్, 1916లో సోమ్, తర్వాత రష్యా వైపు, 1918లో మళ్ళీ పశ్చిమాన ఫ్లాండర్స్, ఆ ఏడాది ఆగస్టులో మెడకి గాయం. ఐరన్ క్రాస్ పతకం వచ్చింది. ముసలితనంలో అడిగితే తాను వెళ్ళాల్సిందే, అదంతా కళ్ళారా చూడాల్సిందే అన్నాడు, యుద్ధం అయ్యాక ఏళ్ళ తరబడి కూలిన ఇళ్ళ మధ్య, దూరడానికి కూడా చాలని సందుల్లో పాకుతున్నట్టు కలలు వచ్చేవని కూడా చెప్పాడు. ఇతన్ని కొందరు శాంతివాది అని ఒక్క మాటలో తేల్చేస్తారు, నాకు అది సరిపోదనిపిస్తుంది. శాంతివాది అయితే ముందుగా తీర్పు చెప్తాడు. ఈ 50 బొమ్మల్లో తీర్పు లేదు, జెండా లేదు, వీరుడు లేడు, శత్రువు ముఖం ప్రత్యేకంగా లేదు. చూసినది ఉంది, చాలా వాటి కింద ఊరి పేరు, కొన్నిటికి నెల, ఏడాది కూడా.

ఉదాహరణకి ఇదే సెట్‌లో మూడో బొమ్మ పేరు "గ్యాస్‌తో చనిపోయినవాళ్ళు, తాంప్లూ ల ఫోస్, ఆగస్టు 1916". అందులో వరసగా పడుకోబెట్టిన శవాలు. సెట్‌ని వరసలో తిప్పుతూ వస్తే ముందు గ్యాస్ ఏం చేస్తుందో చూస్తాం, తొమ్మిది బొమ్మలు దాటాక ఆ గ్యాస్‌లో నడుస్తున్నవాళ్ళని చూస్తాం. విడిగా ఒక్క బొమ్మే ఫ్రేమ్ కట్టి గోడకి పెడితే ఈ వరస పోతుంది, ఆ బాధ నాకు ఎప్పుడూ ఉంటుంది.

గ్యాస్ గురించి కూడా కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే ఆ మాస్కులు సినిమాలో గెటప్‌లా అయిపోతాయి. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలో ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం వేల సిలిండర్ల మూతలు తెరిచి క్లోరిన్ వదిలింది, గాలి అటువైపు వీస్తుంటే ఆకుపచ్చ మేఘం ఒకటి నేల మీద పాకుతూ ఫ్రెంచి కందకాల్లోకి దిగింది. ఆ పని వెనక ఉన్న సైంటిస్టు ఫ్రిట్జ్ హాబర్, ఎరువుల తయారీకి దారి చూపించినందుకు తర్వాత నోబెల్ తీసుకున్న మనిషి. నాలుగు రోజులకి, ఏప్రిల్ 26న, అక్కడికి పంపిన వాళ్ళలో మన దేశపు లాహోర్ డివిజన్ ఉంది. వాళ్ళ మీద కూడా గ్యాస్ వచ్చింది, అప్పటికి సరైన మాస్కులు లేవు, తడిగుడ్డ ముక్కుకి కట్టుకోవడమే. ఆ రోజు చూపిన తెగువకి జమేదార్ మీర్ దస్త్‌కి విక్టోరియా క్రాస్ ఇచ్చారు, బ్రిటిష్ సైన్యంలో అన్నిటికన్నా పెద్ద శౌర్య పతకం అది. ఆ తర్వాత ఫాస్జీన్ వచ్చింది, 1917లో మస్టర్డ్ గ్యాస్ వచ్చింది, సిలిండర్లు పోయి ఫిరంగి గుండ్లలో పెట్టి పేల్చడం వచ్చింది.

బొమ్మలో సైనికుల తల మీద ఉన్న ఇనుప టోపీ జర్మన్ సైన్యానికి 1916లో వచ్చింది, అంతకుముందు వాళ్ళది తోలు టోపీ, పైన మొన ఉండేది. చేతిలో కర్ర పిడి ఉన్న గ్రెనేడ్. వీళ్ళు మామూలు సిపాయిలు కాదు, దాడి దళం, అంటే పెద్ద వరసలో నడవకుండా చిన్న గుంపుగా కందకాల్లోకి చొరబడటానికి ప్రత్యేకంగా తయారుచేసినవాళ్ళు. 1918 మార్చి 21న జర్మన్లు మొదలుపెట్టిన పెద్ద దాడి ఇలాగే జరిగింది, ముందు గంటల తరబడి గ్యాస్ గుండ్లు, వెనకాలే ఈ దళాలు. అందుకే పేరులో "గ్యాస్ కింద" అన్న మాట దగ్గర ఆగాలి. గ్యాస్‌కి లోబడి అనుకోవచ్చు, గ్యాస్ చాటున అని కూడా అనుకోవచ్చు. ఎవరు వదిలిన గ్యాస్ అని అడిగితే, బహుశా వీళ్ళ వైపు వాళ్ళదే. వీళ్ళు దాక్కుంటున్నది దాని నుంచే, దాడి చేస్తున్నదీ దానితోనే.

ఇప్పుడు ఆ తెల్లటి మాస్కుల దగ్గరికి వద్దాం, నాకు ఈ బొమ్మ ఇంతగా పట్టుకోవడానికి కారణం అక్కడుంది. ప్రింటులో తెల్ల ఇంకు ఉండదు. తెలుపు అంటే కాగితమే, అంటే రాగి మీద యాసిడ్ తాకని చోటు, అంటే ఆర్టిస్టు వార్నిష్ పూసి కాపాడిన చోటు. బొమ్మ మొత్తంలో వెలుగు ఎక్కువగా ఉన్నది ఆ మాస్కుల మీదే. చుట్టూ ఉన్న ఆకాశం, నేల, ఒంటి మీద బట్టలు, అన్నిటినీ తినమని యాసిడ్‌కి వదిలేశాడు, ముసుగులని మాత్రం వార్నిష్‌తో మూసి ఉంచాడు. సైనికుడి ముఖాన్ని గ్యాస్ నుంచి ముసుగు ఎలా కాపాడుతోందో రేకు మీద ఆ ముసుగు బొమ్మని వార్నిష్ అలాగే కాపాడింది. అలా కాపాడితే మిగిలింది ఏంటంటే, పుర్రె. మూసి ఉంచిన తెలుపు, మధ్యలో నల్లటి గుంటలు, చూస్తే చచ్చిపోయిన ముఖమే కనిపిస్తుంది. బతకడానికి వేసుకున్నదే వాళ్ళని శవాల్లా చేసింది. డిక్స్ ఇలా ఆలోచించి చేశాడని నేను అనను, అతను ఎక్కడా అలా చెప్పినట్టు నేను చదవలేదు. కానీ గంటల తరబడి ఆ రేకు మీద వార్నిష్ పూస్తూ, యాసిడ్ ఆవిరి పీలుస్తూ కూర్చున్న మనిషి చేతికి ఆ పోలిక తెలియకుండా ఉంటుందా అని మాత్రం అనిపిస్తుంది. ఇప్పుడు రోజిన్ పొడి వేసేవాళ్ళందరూ మాస్క్ పెట్టుకునే వేస్తారు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు.

సరే, మా చెల్లి మొదటి ప్రశ్న. ఒరిజినల్ ఎక్కడుంది?

రాగి రేకు ఒరిజినల్ కాదు, అది పనిముట్టు, పైగా దాని మీద బొమ్మ తిరగబడి ఉంటుంది. ఆర్టిస్టు తన చేత్తో చేసిన రేకు మీద నుంచి, తను ఒప్పుకున్న లెక్కలో తీసిన ప్రతి కాగితమూ ఒరిజినలే. ఒక్కో కాగితానికి రేకు మొత్తం మళ్ళీ ఇంకు పట్టించి, మళ్ళీ చేత్తో తుడవాలి, బటన్ నొక్కితే వచ్చేది కాదు. ఈ సెట్ 70 కాపీలు తీశారు, అచ్చువేసింది బెర్లిన్‌లో ఓట్టో ఫెల్‌సింగ్ ప్రెస్, పబ్లిషర్ కార్ల్ నీరెన్‌డార్ఫ్. 50 బొమ్మలు, 70 సెట్లు, అంటే 3,500 కాగితాలు, అన్నీ ఒరిజినల్స్. కింద పెన్సిల్‌తో 12/70 లాంటి అంకె కనిపిస్తే 70లో 12వది అని అర్థం. ఎందుకు 700 తీయలేదు అంటే, డబ్బు సంగతి ఒకటి, రాగి సంగతి ఇంకొకటి. ప్రెస్ బరువుకి ప్రతిసారీ ఆ సన్న గరుకు కొంచెం కొంచెం అరిగిపోతుంది, డ్రైపాయింట్ అయితే ఇంకా త్వరగా.

అదే ఏడాది నీరెన్‌డార్ఫ్ ఇంకో పని చేశాడు, ఇందులోంచి 24 బొమ్మలు తీసుకుని మామూలు ఆఫ్‌సెట్‌లో చవక పుస్తకం వేశాడు, దానికి ఫ్రెంచ్ రచయిత ఆన్రీ బార్బ్యుస్ ముందుమాట. యుద్ధం అయ్యి ఆరేళ్ళకే జర్మన్ బొమ్మలకి ఫ్రెంచివాడి ముందుమాట, అది చిన్న విషయం కాదు. మా చెల్లి అడిగిన "జిరాక్స్" అంటే ఇదిగో ఆ పుస్తకం. అదే బొమ్మ, కానీ ఫోటో తీసి అచ్చేసింది, రాగి రేకు ఆ కాగితాన్ని ఎప్పుడూ తాకలేదు. దాని విలువ దానికుంది, కొనలేనివాళ్ళ ఇళ్ళకి వెళ్ళింది అది. నీరెన్‌డార్ఫ్ అన్నీ ధైర్యంగానే చేశాడని కాదు, ఒక సైనికుడు నన్‌ని చెరిచే బొమ్మ ఒకటి డిక్స్ చేశాడు, దాన్ని మాత్రం సెట్‌లో పెట్టకుండా పక్కన పెట్టేశారు.

ఇన్ని కాపీలు ఉండటం వల్ల జరిగిన మేలు తర్వాత తెలిసింది. 1923లో కొలోన్ మ్యూజియం డిక్స్ వేసిన "కందకం" అనే పెద్ద పెయింటింగ్ కొనింది, గొడవ గొడవ అయ్యి తిరిగి ఇచ్చేసింది. 1933లో నాజీలు వచ్చాక డ్రెస్డెన్ అకాడెమీలో ప్రొఫెసర్ ఉద్యోగం నుంచి అతన్ని తీసేశారు, అతని బొమ్మలు నైతికతని దెబ్బతీస్తాయని, దేశాన్ని కాపాడుకోవాలన్న జర్మన్ల పట్టుదలని సడలిస్తాయని కారణం రాశారు. 1937లో మ్యూనిక్‌లో "చెడిపోయిన కళ" అని ఎగ్జిబిషన్ పెట్టి అవమానించడానికే ఆ కందకం బొమ్మని గోడకెక్కించారు. ఆ తర్వాత అది ఎక్కడికి పోయిందో, ఉందో లేదో, రెండో ప్రపంచయుద్ధం అయ్యాక మళ్ళీ కనబడలేదు. ఒక్కటే ఉన్న బొమ్మ, పోతే పోయింది. ప్రింట్లని అలా తుడిచిపెట్టడం కుదరలేదు. డిక్స్ ఉద్యోగం పోయిన మరుసటి ఏడాదే, 1934లో, ఈ సెట్ ఒకటి ఏబీ ఆల్డ్రిచ్ రాక్‌ఫెల్లర్ కానుకగా న్యూయార్క్ మ్యూజియంకి చేరింది, నేను లింకు పంపినది అందులోదే. ఇంకో పూర్తి సెట్ ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా నేషనల్ గ్యాలరీలో ఉంది.

ఇక రెండో ప్రశ్న, నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వనిది. వీళ్ళు మనవైపు వస్తుంటే మనమెవరం?

వాళ్ళు జర్మన్ సైనికులు. వాళ్ళకి ఎదురుగా, కందకంలోంచి తల కొంచెం పైకెత్తి చూస్తున్నది శత్రువు. అంటే జర్మన్ అయిన డిక్స్ తన సొంత సైన్యాన్ని అవతలివాడి కళ్ళతో చూపిస్తున్నాడు, చూసేవాళ్ళని ఫ్రెంచివాడి చోటో ఇంగ్లీషువాడి చోటో, అక్కడున్న మన సిపాయి చోటో నిలబెడుతున్నాడు. మొదట నేను అక్కడితో ఆగాను. తర్వాత అతని ఉద్యోగం గుర్తొచ్చింది. మెషీన్‌గన్. మెషీన్‌గన్ వాడి పనే అది, కందకంలో కూర్చుని కంచె దాటి తనవైపు వచ్చేవాళ్ళని చూడటం, చూసి కాల్చడం. అలా వచ్చేవాళ్ళు ఎలా ఉంటారో, ఎంత దగ్గరికి వస్తే ముఖం కనబడుతుందో అతనికి ఏళ్ళ తరబడి అలవాటైన దృశ్యం. ఆ చూపుని అలాగే ఉంచి, వచ్చేవాళ్ళ తల మీద టోపీ మాత్రం తనవాళ్ళది పెట్టాడు. బొమ్మలో కనబడని ఆరో మనిషి, గన్ వెనకాల ఉన్నవాడు, అతనే అయ్యుండొచ్చని నా నమ్మకం. చెల్లికి అదే రాశాను, ఇంతవరకూ రిప్లై లేదు.

న్యూజెర్సీలోనో లండన్‌లోనో ఉన్నవాళ్ళు ఇలాంటివి నేరుగా చూడాలనుకుంటే ఒక మాట. మ్యూజియంకి వెళ్తే గోడ మీద ఉంటుందని అనుకోకండి, వెలుతురు తగిలితే కాగితం పాడవుతుంది కాబట్టి ప్రింట్లని ఏళ్ళ తరబడి పెట్టెల్లో చీకట్లో ఉంచి కొన్ని నెలలు మాత్రం బయట పెడతారు. కానీ పెద్ద మ్యూజియంలలో ప్రింట్ల కోసం స్టడీ రూమ్ ఉంటుంది, ముందుగా మెయిల్ పెట్టి అపాయింట్‌మెంట్ తీసుకుంటే మామూలు మనుషులకి కూడా చూపిస్తారు. టేబుల్ మీద తెచ్చి పెడతారు, ఫ్రేమ్ ఉండదు, గ్లాస్ ఉండదు. భూతద్దం అడగండి. ఆకాశం మీద పెడితే దీవులు, కాలవలు కనిపిస్తాయి. మెల్లిగా జరుపుతూ మాస్కు మీదకి రండి, అక్కడ అవి ఆగిపోతాయి, ఉత్త కాగితం.